శిస్తు: పన్నా, కౌలా? — దత్తు కర్జనుల వాదము

క్రీ. శ. 1900 సంవత్సరారంభమున రమేశచంద్రదత్తు, అప్పటి రాజప్రతినిధియగు కర్జను ప్రభువు పేర, హిందూదేశమునందలి కఱవులనుగూర్చియు భూమిశిస్తులనుగూర్చియుఁ గొన్ని బహిరంగలేఖలు ప్రకటించెను. ఇండియా ప్రభుత్వమువారు 1902 జనవరి 16వ తేదీని భూమిశిస్తు విషయమునఁ దమ రాజనీతిని విపులముగఁ దెలుపు తీర్మానమొకటి ప్రచురించి ఆ లేఖలకు సమాధానము చెప్పిరి. ఉద్యోగము చాలించుకొన్న యొక పెద్దమనుష్యుఁడు చేసిన యాక్షేపణలకై, ప్రజలకు లెక్క చెప్పవలసిన నిర్బంధ మేమియు లేని ప్రభుత్వము, రాజధానులనుండి నివేదికలు రప్పించి, పూర్వపక్షమును గ్రమముగ ననువదించి ఖండింపఁ బూనుకొనుట ఆ దినములలోఁ దఱచుగఁ గానవచ్చెడి పని కాదు. దత్తు మరల నుత్తరము వ్రాసెను. పత్రికలు పక్షములు వహించెను. వాదము చాలకాలము నడచెను.

దీనిని అర్థశాస్త్రవేత్తలకును చరిత్రకారులకును విడిచిపెట్టుట వాడుక. కాని యిందలి చిక్కంతయు నాలుగైదు మాటల యర్థమునందే యున్నది. ఫలమనఁగా నేమి, ఖర్చనఁగా నేమి, సగమన్నచో దేనిలో సగము, రైతు సర్కారునకుఁ జెల్లించునది పన్నా లేక కౌలా అను ప్రశ్నలకుఁ జెప్పెడి ప్రత్యుత్తరమును బట్టి యొక్కొక్క కుటుంబము పొలము నిలుపుకొనుటయో పోఁగొట్టుకొనుటయో సంభవించెను. శబ్దార్థవిచారమునకు ఇంత బరువైన ఫలము గల సందర్భములు అరుదు.

దత్తు కేవలము రాజకీయవాది కాఁడు. 1848లో కలకత్తాలో జన్మించి, 1871లో సివిలుసర్వీసునఁ బ్రవేశించి, వంగదేశమున జిల్లాలను పాలించి, కమీషనరు పదవి వఱకుఁ బోయి, 1897లో విరమించెను. ఋగ్వేదమును వంగభాషలోనికిఁ దెచ్చెను. భారతరామాయణముల సంగ్రహములను ఆంగ్లపద్యములుగ రచించెను. వంగభాషలో నవలలు వ్రాసెను. 1894లో వంగీయసాహిత్యపరిషత్తునకుఁ బ్రథమాధ్యక్షుఁడయ్యెను. 1899లో లక్నోలోఁ గూడిన కాంగ్రెసునకు అధ్యక్షత వహించెను. శిస్తు వసూలు చేయించిన చేతితోనే శిస్తుపై నాక్షేపణ వ్రాసినవాఁడగుటచేత నాతని మాటకు గౌరవము కలిగెను. ఆ హేతువుచేతనే, ఈతఁడు వంగదేశపుఁ బద్ధతి నెఱిఁగినంతగా మదరాసు, బొంబాయి పద్ధతుల నెఱుఁగఁడని ప్రతిపక్షులు చెప్పుటకును వీలు కలిగెను.

మధ్యపరగణాలు, మదరాసు, బొంబాయి, వంగదేశము, ఉత్తరహిందూస్థానము — వీనినిగూర్చి యొక్కొక్క లేఖ వ్రాయఁబడెను. అప్పటికి 1896–97 కఱవు గడచి మూఁడేండ్లయినను నిండలేదు. 1899–1900 కఱవు నడచుచుండెను. వానలు లేకపోవుట కఱవునకుఁ గారణమనుట నందఱు నెఱుఁగుదురు. దత్తు ప్రశ్న వేఱు. వాన లేని సంవత్సరమునఁ బంట పోవును సరే; పంట పోయిన యొక్క సంవత్సరమునకే జనులు చచ్చుట యేల? మంచి సంవత్సరములలో మిగులవలసిన గింజ ఏమైనది? అది శిస్తుగాఁ బోయినదని యాతని సిద్ధాంతము.

1900 డిసెంబరులో దత్తును మఱికొందఱు విశ్రాంతోద్యోగులును గలసి లండనునందలి ఇండియామంత్రికి విన్నపము పంపుకొనిరి. వారిలో మదరాసు రాజధానియందు బందోబస్తుశాఖ కధికారిగా నుండిన పకిలు, కలెక్టరుగా నుండిన పెన్నింగ్టను మొదలగు దొరలు నుండిరి. కనుక ఇది నల్లవారికిని తెల్లవారికిని నడుమ జరిగిన కలహమని తలఁచుట పొరపాటు. విన్నపములోని కోరికలు అయిదు. రైతే నేరుగా సర్కారునకుఁ జెల్లించు చోట్ల, సేద్యపు ఖర్చులు పోను మిగులు నికరఫలములో సగమునకు శిస్తు మించరాదు. సామాన్యముగ మొత్తపు పంటలో నైదవ వంతును మించరాదు. భూస్వామి చెల్లించు చోట్ల, ఆతనికి వచ్చు కౌలులో సగమునకు మించరాదు. ఒకసారి నిర్ణయించిన శిస్తు ముప్పదియేండ్లు మార్పఁగూడదు. సర్కారువారి నీటివనరులవలననో ధరల పెరుగుదలవలననో భూమి విలువ హెచ్చినఁ దప్ప శిస్తు పెంచఁగూడదు. శిస్తుపై వేయు స్థానికపు సెస్సులకుఁ బరిమితి యుండవలెను.

వీనిలో మొదటి కోరికయే వాదమునకు మర్మస్థానము. మదరాసు రాజధానిలో నికరఫలమున సగమను సూత్రము 1864నాఁటికే ప్రభుత్వమువారిచే నంగీకరింపఁబడినది. కావున సూత్రముపైఁ దగవు లేదు. దానిని లెక్క కట్టు విధముపైననే తగవు. బందోబస్తు అధికారి నేలలను తరములుగ విభజించును. ఒక్కొక్క తరమున ఎకరమునకు ఎన్ని కొలతల ధాన్యము పండునో యంచనా వేయును. కఱవులేని సంవత్సరముల ధరల సగటుఁ గట్టి, బండిబాడుగకును వర్తకుని లాభమునకును గొంత తీసివేసి, ఆ ధాన్యమును రూపాయలుగ మార్చును. అందులోనుండి యెద్దులకు, విత్తనములకు, పనిముట్లకు, కూలికి నింతయని తగ్గించును. మిగిలినది నికరఫలము, అందు సగము శిస్తు. ఇన్ని మెట్లలో నేమెట్టును రైతు చూచినది కాదు, ఒప్పుకొన్నదియుఁ గాదు.

ఒక యూహాలెక్కచే నిది తేటపడఁగలదు. నూఱు రూపాయల పంట పండెడి పొలమునకు అధికారి నలువది రూపాయలు ఖర్చని వ్రాసెననుకొందము. నికరము అఱువది, శిస్తు ముప్పది. రైతునకు నిజముగ నైన ఖర్చు అఱువది యైనచో వానికి మిగులునది నలువదియే. సూత్రము ప్రకారము శిస్తు ఇరువది కావలెను. కాని వాఁడు చెల్లించునది ముప్పది. సగమను పేరుతో మూఁడువంతులు పోయినవి. రైతు తన చేతులతోఁ జేసిన కష్టమునకును, ఇంటి ఆఁడువారును బిల్లలును జేసిన పనికిని విలువ కట్టుటయా మానుటయా యనునదే ఈ యిరువది రూపాయల తేడాకుఁ జాలును. ఎవ్వరును మోసము చేయనక్కఱలేదు. అందుచేతనే విన్నపకర్తలు మొత్తపు పంటలో నైదవవంతను రెండవ కట్టుబాటును జేర్చిరి. పంట కంటికిఁ గనఁబడునది, కళ్లమునఁ గొలువఁదగినది. ఖర్చు కాగితముమీఁద నుండునది.

ఐదవవంతు మాత్రమే పెట్టి సగపుసూత్రమును ద్రోసివేయరాదా యనుటయు న్యాయమైన ప్రశ్నయే. రాయలసీమ మెట్టపొలము నొకదానిని దలఁచినచో దీనికి సమాధానము దొరకును. పది రూపాయల పంటకుఁ దొమ్మిది రూపాయలు ఖర్చగు నేలలో నికరము రూపాయి; అందు సగము ఎనిమిదణాలు. మొత్తములో నైదవవంతు రెండు రూపాయలు! అనఁగా మిగిలినదానికి రెండింతలు. డెల్టా పల్లపుభూమికి మేలు చేయు సూత్రము మెట్టనేలను జంపును. రెండు పరిమితులు నుండి, రెంటిలో నేది తక్కువయైన నది చెల్లవలెనన్నప్పుడే రెండు విధముల నేలలకును రక్షణ.

ప్రభుత్వతీర్మానము ఈ సూక్ష్మమును సరిగా గ్రహింపలేదని చెప్పక తప్పదు. పంటలో నైదవవంతును బ్రమాణముగఁ గొన్నచో అనేకప్రాంతములలో శిస్తు పెరుగునేగాని తగ్గదనియు, ఇప్పుడు వసూలగుచున్నది దానికంటెఁ దక్కువయే యనియు, కావున విన్నపకర్తలు రైతునకు హితవు కోరి యహితమునే యడుగుచున్నారనియు నందుఁ జెప్పఁబడెను. వినుటకుఁ జమత్కారముగ నున్నది. కాని అడిగినది పరిమితి, అర్థముచేసికొన్నది పరిమాణము. నదికిఁ గట్టవేయుఁడన్నచో, కట్ట యెత్తువఱకు నీరు నింపుమనినట్లా? చాలచోట్ల శిస్తు ఐదవవంతునకు లోఁబడియే యున్నచో నా పరిమితిని శాసనమున వ్రాయుటవలన ప్రభుత్వమునకు నష్టమేమి? ఈ ప్రశ్నకుఁ దీర్మానమున సంతృప్తికరమైన సమాధానము లేదు.

అట్లని తీర్మానమంతయుఁ ద్రోసివేయఁదగినది కాదు. కర్జను పరిపాలనలోఁ బుట్టిన కాగితములలో నిది బలమైనది. అధికమగు శిస్తు దేశదారిద్ర్యమునకు సర్వసామాన్యమైన హేతువు కాదనియు, కఱవునకుఁ గారణముగ దానిని నెంచఁదగదనియు సిద్ధాంతము చేయుచునే, ఒకేసారి పెద్దమొత్తము పెంచవలసివచ్చినప్పుడు మెట్లుమెట్లుగఁ బెంచవలెననియు, చెడుసంవత్సరములలో వసూలును సడలింపవలెననియు, ఒక ప్రాంతము క్షీణించినచో శిస్తు తగ్గింపవలెననియు నొప్పుకొనెను. వాదమున నోడితినని యేప్రభుత్వమును వ్రాసియీయదు. ఒప్పుకొన్న యీ మూఁడు విషయములును దత్తు పక్షపు ఫలములే. జమీందారీపద్ధతి కఱవునకు మందు కాదనియు, వంగదేశపు రైతును గాపాడినది శాశ్వతపైసలా కాదనియు, 1859లోను 1885లోను బుట్టిన కౌలుదారుల చట్టములనియుఁ దీర్మానము చెప్పినది. ఈ మాటయందు సత్యమున్నది. దాని నాంధ్రదేశపు నిదర్శనములతోఁ బరీక్షింపవచ్చును.

ఉత్తరసర్కారులలో 1802 మొదలు శాశ్వతపైసలా ప్రవేశపెట్టఁబడినది. దత్తు సిద్ధాంతము ప్రకారము ఇచటి రైతులు కఱవునకుఁ దట్టుకొనవలెను. కాని నందన సంవత్సరపు కఱవు, అనఁగా 1832–33లో వచ్చిన డొక్కల కఱవు, గుంటూరుసీమయందే ఘోరముగఁ బ్రజ్వరిల్లెను. అయిదులక్షల జనులలో రమారమి రెండులక్షలమంది నశించిరని జిల్లాచరిత్రలు చెప్పును. అది జమీందారుల సీమయే. అచట సర్కారు పేష్కషు స్థిరము. రైతు చెల్లింపు స్థిరము కాదు. మిగిలినది నడుమవారి చేతఁ బడినది. ధాత సంవత్సరపు కఱవులో, అనఁగా 1876–78లో, బళ్లారి, కర్నూలు, కడప మండలములు మిగుల నష్టపడెను. ఇవి రైతువారీ సీమలు. దక్షిణమున నీ కఱవునకు 50 లక్షలమంది బలియైరని దత్తు లెక్క. కాఁబట్టి, పద్ధతి పేరు జమీందారీయా రైతువారీయా యనుటకంటె, దున్నువాని చేత నేమి మిగిలినదనుటయే ముఖ్యము. దత్తునకు శాశ్వతపైసలాపైఁ గల ప్రీతి యాతని వాదమునకు బలహీనస్థానము. నికరఫలపు లెక్కపై నాతఁడు చేసిన ఆక్షేపణయో, బలిష్ఠము.

దత్తమండలములనుగూర్చి దత్తు పదేపదే మన్రో దొర వ్రాఁతలను సాక్ష్యముగఁ దెచ్చెను. నిజాము 1800లో నిచ్చిన యా సీమలకు బందోబస్తు చేసిన మన్రో 1807లోనే, అచటి శిస్తు మొత్తపు పంటలో నూటికి 45 వంతులవఱకు నున్నదనియు, దానిలో నాలుగవవంతు తగ్గించినఁ దప్ప భూమికిఁ గొనుగోలు విలువ పుట్టదనియుఁ బైవారికి విన్నవించెను. నలువదియైదులో నాలుగవవంతు తీసివేయఁగా నిలుచునది రమారమి మూఁడవవంతు. ఆ విన్నపమును బైవారు వెంటనే చెవినిఁ బెట్టలేదు. 1820లో నాతఁడే గవర్నరై వచ్చిన పిమ్మటఁగాని తగ్గింపు కలుగలేదు. 1827లోఁ బత్తికొండ యొద్ద మరణించునప్పటి కాతఁడు దత్తమండలముల సంచారముననే యుండెను. రైతువారీకి మూలపురుషుఁడైన వాఁడే శిస్తు హెచ్చనుటకు మొదటి సాక్షి యగుట విశేషము.

ఇఁక నసలు ప్రశ్న. శిస్తు పన్నా, కౌలా? ఇది వట్టి మాటలపోరాటమని భూస్వామ్యపద్ధతులపై బృహద్గ్రంథము వ్రాసిన బేడెన్‌పావెలు తీసివేసెను. అది సరి కాదు. పన్ను అనఁగా నొకని సొత్తునుండి రాజు తీసికొను భాగము. దానికి హేతువు చూపవలెను, పరిమితి యుండవలెను. కౌలు అనఁగాఁ బరుని సొత్తు ననుభవించుటకుఁ జెల్లించు ప్రతిఫలము. సొంతదారుఁడు తన సొత్తునకు ధర పెంచుకొనుటకు నెవ్వరి యనుమతి? ప్రభుత్వము భూస్వామియై రైతు కౌలుదారుఁడైనచో సగమువఱకుఁ దీసికొనుట దయయే యగును. రైతు భూస్వామియై ప్రభుత్వము రక్షకుఁడే యైనచో అందుసగము మిక్కిలి బరువైన పన్ను.

భూమికౌలును బన్నుగఁ దీసికొనుటవలన నెవ్వరికిని హాని లేదను మతము ఇంగ్లండున నెపోలియను యుద్ధానంతరము పుట్టినది. 1815లో ధాన్యపు దిగుమతి సుంకములపై వాదము చెలరేఁగినప్పుడు మాల్థసు, రికార్డో మొదలగువారు చిన్న చిన్న పుస్తకములు వ్రాసి యొకరినొకరు ఖండించుకొనిరి. మంచినేల పంట అధమాధమపు నేల పంటకంటె నెంత మించునో ఆ మిగులే కౌలనియు, అది దున్నువాని కష్టఫలము కాదనియు వారు తేల్చిరి. రికార్డోకు మిత్రుఁడగు జేమ్సుమిల్లు ఈస్టిండియా కంపెనీ కచేరీలో నుద్యోగి. హిందూదేశమున నా మిగులు రాజునకే చెందుననియు, దానిని దీసికొన్నచో నెవ్వని పరిశ్రమయుఁ గుంటుపడదనియు నాతని వాదము. శాస్త్రము దోషరహితమే. కాని రికార్డో చెప్పిన కౌలు, పెట్టుబడిదారుఁడగు సేద్యగాఁడు లాభము రాకున్న నేల విడిచి వేఱు వ్యాపారమునకుఁ బోఁగల దేశమునకుఁ జెందినది. పొలము విడిచిన వేఱు బ్రదుకు లేని దేశమున రైతు తన కూలినిఁ గూడఁ గలిపి కౌలుగఁ జెల్లించును, నేల విడువఁడు. ఈ భేదమును రిచర్డు జోన్సను పండితుఁడు 1831లోనే స్పష్టముగఁ జూపెను. కచేరీలలో నాతని పుస్తకమునకు రికార్డోకుఁ గలిగినంత పలుకుబడి కలుగలేదు.

ప్రభుత్వపక్షమువారు హిందూధర్మశాస్త్రములనుగూడఁ దమకుఁ దోడు తెచ్చుకొనిరి. ప్రాచీననిక్షేపములలోను ఖనులలోను రాజునకు సగము చెల్లునని మనువు చెప్పిన చోట రాజు భూమికి నధిపతి యను మాట యున్నది. రాజే భూస్వామి యనుటకు నది నాధారమని చూపిరి. కాని యా స్మృతియే, అడవి నఱికి పొలము చేసినవానిదే పొలమని మఱియొకచోటఁ జెప్పుచున్నది. ధాన్యమున రాజునకుఁ జెల్లునది ఆఱవవంతు గాని, ఎనిమిదవవంతు గాని, పండ్రెండవవంతు గాని యని పరిమితము చేయుచున్నది. కర్నలు విల్క్సు దక్షిణదేశచరిత్రను 1810లో బ్రకటించినప్పుడే ఈ విషయమును విచారించి, హిందువులలో భూమి ప్రజల సొత్తేయని నిర్ణయించెను.

మీమాంసకుల నిర్ణయ మింతకంటెను స్పష్టము. విశ్వజిద్యాగమున యజమానుఁడు సర్వస్వమును దక్షిణగ నీయవలెను గదా. రాజే యజమానుఁడైనచో భూమండలమును గూడ నీయవలెనా? పూర్వమీమాంస యాఱవ యధ్యాయమున నీ శంక పుట్టి, భూమి సర్వజనులకు సమానమగుటచే రాజున కీయఁదగినది కాదని సిద్ధాంతితమైనది. భాష్యకారుఁడగు శబరస్వామియు నట్లే వివరించెను. రాజు పాలించునే కాని సొంతము గలవాఁడు కాఁడు. కలకత్తా సెక్రటేరియటులో నీ యధికరణమును దెలిసినవాఁడు ఒక్కఁడుండినచో తీర్మానమున నొక పుట తగ్గియుండును.

అన్నిటికంటెను ముఖ్యమైన సాక్ష్యము ఆ వాదము జరుగునాఁటికి వెలుఁగులోనికి రాలేదు. కౌటిల్యుని అర్థశాస్త్రమును శ్యామశాస్త్రి మైసూరునుండి 1909లోఁ బ్రకటించెను. రాజాదాయములను లెక్కించుచోఁ గౌటిల్యుఁడు ‘సీత’ యనియు ‘భాగ’ మనియు రెంటిని వేఱువేఱుగఁ బేర్కొనెను. సీత రాజు సొంతభూముల ఫలము. భాగము ప్రజల భూములనుండి వచ్చు వంతు. సీతాధ్యక్షుని ప్రకరణమున రాజభూమిని సగపుపాలునకు దున్నువారి ప్రస్తావన యున్నది. అనఁగా సగము కౌలునకుఁ గొలత. ఆఱవవంతు పన్నునకుఁ గొలత. ఈ రెండును వేఱన్న సంగతి యీ దేశపు రాజనీతికిఁ బ్రాచీనకాలముననే తెలియును. 1864నాఁటి సూత్రము ప్రజల భూమికి సీత కొలతను బట్టినదని దీనినిబట్టి చెప్పవచ్చును.

తెలుఁగుదేశపు వ్యవహారములోని మాటలును సాక్ష్యమీయఁగలవు. కౌలను మాట అరబ్బీ శబ్దము. దాని మొదటి యర్థము పలుకు, మాట యనియే. మాటయిచ్చుటనుండి యొడంబడిక యనియు, ఒడంబడిక కాగితమనియు నర్థము విస్తరించినది. సర్కారువారు రైతున కిచ్చు అభయపత్రికకును గౌలని పేరు. భూమిబాడుగ యను నర్థము నేఁడు ప్రధానమైనను, మొదట నందుఁ గల బలము ఇరుపక్షముల యంగీకారము. బందోబస్తు శిస్తులో లేనిది సరిగా నదియే: అది యొడంబడిక కాదు, విధింపు. పండినదానిని బంచుకొనుటకు సంగోరు, కోరు, మేల్వారము, కుడివారము అను మాటలు వేఱుగ నున్నవి. రైతను మాట, రక్షింపఁదగిన ప్రజ యను నర్థము గల అరబ్బీ శబ్దము. కౌలుదారుఁడని దాని కర్థము లేదు. రైతువారీ పట్టా గలవాఁడు పొలము నమ్మును, కుదువఁబెట్టును, కొడుకులకుఁ బంచును. ఏ కౌలుదారుఁడు పరుని సొత్తు నిట్లు చేయఁగలఁడు?

అమ్ముకొను హక్కు రైతున కుండుట యెంత నిజమో, ఆ హక్కును సర్కారువారు వేలము వేయుటయు నంత నిజము. బొంబాయి కౌన్సిలు సభ్యుఁడుగ నుండి విరమించిన రోజర్సు దొర లెక్క ప్రకారము, మదరాసు రాజధానిలో 1879–80 మొదలు 1889–90 వఱకుఁ బదునొకండేండ్లలో శిస్తుబాకీకై వేలము వేయఁబడిన భూమి 19 లక్షల 60 వేల యెకరములకుఁ బైన. బాకీదారులు సుమారు 8 లక్షల 40 వేలమంది. అందుఁ గొనువారు లేక సర్కారే తీసికొన్నది సగమునకు మించెను. శిస్తు తేలికయైనచోఁ బొలమున కొక ధర యుండవలెను, కొనువాఁడు రావలెను. నికరఫలములో సగము రైతునకు నిజముగ మిగులుచుండిన పొలము వేలమున నెవ్వరికిని నక్కఱలేకపోవుట యెట్లు? దత్తు తెచ్చిన సాక్ష్యములలో దీనికంటె బలమైనది లేదు.

ధరల పెరుగుదలను గూర్చిన భాగమున ప్రభుత్వమువారి పక్షము కొంత సమంజసము. రూపాయలలో శాశ్వతముగ నిర్ణయించిన శిస్తు, ధరలు పెరిగినకొలఁదిఁ దనంతటఁ దగ్గిపోవును. వంగదేశమున నట్లే జరిగి, మిగులు జమీందారుల పాలయ్యెను. రిప్పను ప్రభువు 1882లో నొక మధ్యమార్గము సూచించెను. సర్వే ముగిసిన జిల్లాలలో ధరలు పెరిగినఁ దప్ప మఱి యే కారణమునను శిస్తు పెంచరాదనుట దాని సారము. దానిని లండనునందలి మంత్రి 1885లోఁ ద్రోసిపుచ్చెను. దత్తును విన్నపకర్తలును గోరినది చాలవఱ కిదియే. శాశ్వతపైసలాను విడిచి దత్తు ఇచటనే నిలిచియుండినచోఁ దీర్మానకర్తలకుఁ జిక్కు హెచ్చియుండును.

తీర్మానము వెలువడిన పదునేడవ దినమున, 1902 ఫిబ్రవరి 2వ తేదీని, మచిలీపట్టణమునఁ గృష్ణాపత్రిక మొదటి సంచిక వెడలెను. ఇది కాకతాళీయమే, అయినను అప్పటినుండి శిస్తువాదము తెలుఁగుమాటలలో నడచుటకుఁ దావు దొరకినది. దత్తు హిందూదేశ ఆర్థికచరిత్ర రెండు సంపుటములుగ వెలువరించి, 1904లో బరోడా సంస్థానమున రెవెన్యూమంత్రియై, తాను విమర్శించిన పనినే చేతఁబట్టెను. 1909 నవంబరులో నచటనే, దివానుపదవియందుండఁగా మరణించెను.

వాదము మాత్రము మరణింపలేదు. 1919లో బార్లమెంటు సంయుక్తసంఘము శిస్తునిర్ణయమును శాసనసభల యదుపునకుఁ దేవలెనని సూచించెను. ఇది పన్ననుటకు దగ్గఱ మాట. 1924–25లోఁ గూర్చున్న పన్నుల విచారణసంఘమువారు పన్నా, కౌలా యను ప్రశ్నను మరల నెత్తికొని యేకాభిప్రాయమునకు రాలేకపోయిరి. 1928లో గుజరాతునందలి బార్డోలీ తాలూకాలో నూటికి 22 వంతులు పెంచిన శిస్తును రైతులు చెల్లింపమనిరి. పిమ్మట ఇరువురు బ్రిటిషు ఉద్యోగులే విచారించి, బందోబస్తు అధికారి యాధారముగఁ గొన్న కౌలులెక్కలు నమ్మఁదగినవి కావనియు, పెంపు రమారమి ఆఱువంతులకు మించరాదనియుఁ దేల్చిరి. కృష్ణాగోదావరీ మండలములందు రూపాయికి మూఁడణాలు పెంచు ప్రతిపాదన వచ్చినప్పుడు, ఆంధ్రరైతునాయకులు ఊరూరఁ దిరిగి, సేద్యపు ఖర్చులు పద్దుపద్దుగ వ్రాయించి, సర్కారు లెక్కల కెదురుగ నిలిపిరి. ఎద్దుల మేఁత, విత్తనము, నాట్లకూలి, కోఁతకూలి, ఇంటివారి పని — 1864నాఁటి సూత్రమున ఖర్చులను నొక్క మాటలో నణఁగియున్న వన్నియు నప్పుడు వేఱువేఱు గీఁతలపై నెక్కెను.